కాలువ కట్టకముందే చెరువు నింపుకొందము

(స్మార్ట్‌ఫోనులో సాఫ్ట్‌వేరు మార్చునపుడు గ్రామ సమాచారమును కాపాడుకొనుటను గూర్చి ఉయ్యూరులో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన మీకు కాలువల సంగతి మేము చెప్పనక్కరలేదు. వేసవి వచ్చుసరికి కాలువలు కట్టివేయుదురు. పూడిక తీయుట, గట్లు బలపరచుట, లాకులు, తూములు బాగుచేయుట ఆ రోజులలోనే జరుగవలెను. ఆ మరమ్మతు జరుగనిచో సార్వా నాటికి నీరు శివారు పొలములకు చేరదు. కావున కాలువ కట్టుట తప్పని ఎవ్వరును అనరు. అయితే కాలువ కట్టుటకు ముందు ప్రతి గ్రామమును తన మంచినీటి చెరువును నింపుకొనును. నీరు వదలినారన్న కబురు వినినంత మాత్రమున సర్పంచి నిశ్చింతగా కూర్చుండడు. ఒకరిని గట్టుమీదికి పంపి, నీరు ఎంతవరకు ఎక్కినదో కన్నులార చూచి రమ్మనును. చెరువు నిండకుండ కాలువ కట్టినచో వేసవి యంతయు బిందెలు పట్టుకొని తిరుగవలసినది మన ఆడపడుచులే గదా.

మన చేతిలోని స్మార్ట్‌ఫోనుకు కూడ ఇట్టి మరమ్మతు కలదు. దానినే అప్‌డేట్ అనుచున్నాము. కొన్ని సమయములందు యాపును తీసివేసి మరల ఎక్కింతుము. ఫోను మరీ మొండికెత్తినపుడు దుకాణమునకు తీసికొనిపోయి ఫార్మాట్ చేయింతుము. ఇవి అవసరమైన పనులే. కాని చెరువు నింపుకొనకుండ ఈ కాలువ కట్టువారు చాలమంది యున్నారు. ఫోను బాగగును, అందులోని ఫోటోలు, నంబర్లు, సర్వే వివరములు పోవును. ఈ నష్టము నివారించు మార్గము ఒక్క మాటలో చెప్పవచ్చును: నకలు తీయనిదే మార్పు చేయరాదు, తెరచి చూడనిది నకలు కాదు. నేటి మా ప్రసంగమంతయు ఈ మాటకు వివరణమే.

పంచాయతీకి ఇది ఏల పట్టవలెను?

ఫోను పోయిన బాధ దాని యజమానిది గదా, పంచాయతీకి ఏమి సంబంధమని మీలో కొందరు అడుగవచ్చును. 2019 అక్టోబరు 2న మన రాష్ట్రమున గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. 2020 ఏప్రిల్ 24న పంచాయతీల లెక్కలకై ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభమైనది. 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా ప్రభుత్వ సేవలందించు ‘మన మిత్ర’ వచ్చినది. పంట నమోదు, ఇంటి నిర్మాణపు దశల ఫోటో, ఆరోగ్య సర్వే, పింఛను పంపిణీ మొదలగు అనేక పనులు ఫోనులోనో ట్యాబులోనో జరుగుచున్నవి. ఒకప్పుడు అడంగలులోను, మినిట్సు పుస్తకములోను వ్రాసినది నేడు జేబులోని పరికరమునకు ఎక్కుచున్నది.

ఇందులో ప్రభుత్వ సర్వరుకు చేరిన సమాచారమునకు ఫోను చెడినంత మాత్రమున నష్టము లేదు. ఇంకను చేరని సమాచారముతోనే చిక్కు. ఒక వీధిలో సైడు కాలువ కట్టుచున్నారనుకొనుడు. కాంక్రీటు పోయుటకు ముందు ఇనుప కడ్డీలు ఎంత ఎడముతో కట్టినారో ఒక వార్డు సభ్యుడు ఫోటో తీసినాడు. మరునాడు కాంక్రీటు పోసినారు. ఆ వారములోనే అతని ఫోను ఫార్మాట్ అయినది. ఇక ఆ కడ్డీల ఫోటోను ఎవరు తీయగలరు? పని బాగుగ జరిగినదన్న వానికిగాని, జరుగలేదన్న వానికిగాని సాక్ష్యము మిగులలేదు. అట్లే వరద వచ్చిన దినమున గోడపై నీటిమట్టపు గుర్తు, గ్రామసభలో ప్రజలు మాటలాడిన వీడియో, మంచినీరు రంగు మారిన దినమున తీసిన చిత్రము మరల దొరకునవి కావు. పోయిన ఫోనును కొనవచ్చును. పోయిన దినమును కొనలేము.

నాలుగు పనులు, నాలుగు ఫలితములు

‘సాఫ్ట్‌వేరు మార్చినారు’ అను ఒకే మాటలో నాలుగు వేరు వేరు పనులు ఇమిడియున్నవి. వీనిని కలగాపులగము చేయుటవలననే నష్టములలో చాలభాగము కలుగుచున్నది.

మొదటిది, యాపును అప్‌డేట్ చేయుట. ప్లే స్టోరులో అప్‌డేట్ అని నొక్కగా పాత యాపుపైననే క్రొత్తది వచ్చి కూర్చుండును. లోపలి సమాచారము సాధారణముగ అట్లే యుండును. ఇల్లు ఖాళీ చేయకుండ గోడలకు సున్నము వేసికొనుట వంటిది.

రెండవది, యాపును తీసివేసి మరల ఎక్కించుట. ‘యాపు తెరుచుకొనుట లేదు, ఒకసారి తీసి వేయండి’ అని ప్రక్కనున్నవారు సులువుగ సలహా యిత్తురు. యాపును తీసివేసినపుడు, అది తనకై ఫోనులో దాచుకొన్న సమాచారము కూడ దానితో పోవును. సెట్టింగ్సులో ‘క్లియర్ డేటా’ అని నొక్కినను ఫలితము అదియే. ‘క్లియర్ క్యాచీ’ అనునది వేరు. అది తాత్కాలికపు చెత్తను మాత్రమే ఊడ్చును. ఈ రెండు మీటలును ప్రక్కప్రక్కనే యుండును గనుక చదివి నొక్కవలెను.

మూడవది, ఫోను నడిపించు మూల సాఫ్ట్‌వేరును అప్‌డేట్ చేయుట. ఆండ్రాయిడ్ క్రొత్త సంచిక వచ్చినదని ఫోను చెప్పునది దీనినే. ఇందులోను సమాచారము నిలిచియుండుటయే మామూలు. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుండి, అట్టి ఏర్పాటుగల ఫోనులలో, పాతదానిని చెరపకుండ ప్రక్క అరలో క్రొత్తదానిని ఎక్కించి, అంతయు సరిగానున్న తరువాతనే దానికి మారు పద్ధతి కలదు. పాత ఇంటిని పడగొట్టక, ప్రక్కన క్రొత్త ఇల్లు కట్టి గృహప్రవేశము చేసినట్లు. అయినను ఈ ఏర్పాటు కాపాడునది మూల సాఫ్ట్‌వేరును. మీ ఫోటోలకు నకలు తీసి దాచుట దాని పని కాదు.

నాలుగవది, ఫార్మాట్ లేక ఫ్యాక్టరీ రీసెట్. ఫోనును కొన్ననాటి స్థితికి తెచ్చుట. ఇందులో ఫోను లోపలి నిల్వ సమస్తము పోవును. దుకాణములలో ‘సాఫ్ట్‌వేరు కొట్టుట’ అనునది పెక్కు సందర్భములలో దీనితోనే ముగియును. మొదటి మూడింటికి నకలు మంచిది. ఈ నాలుగవదానికి నకలు లేక అడుగు వేయరాదు.

పోయినది ఏల తిరిగిరాదు?

చెరపిన ఫోటోలను తిరిగి తెప్పింతుమని చెప్పువారు కలరు. పూర్వపు మెమరీ కార్డుల విషయమున అది కొంతవరకు నిజమే. కాని నేటి ఫోను లోపలి నిల్వ వేరు. ఆండ్రాయిడ్ 10తో మొదలుకొని క్రొత్తగ విడుదలైన ప్రతి ఆండ్రాయిడ్ ఫోనును తన సమాచారమును సంకేత లిపిలో దాచవలెనని నియమము ఏర్పడినది. ఆ లిపిని విప్పు తాళపుచెవి ఫోను లోపలనే యుండును. ఫార్మాట్ చేసినపుడు ఆ తాళపుచెవి నశించును. తరువాత అక్షరములు మిగిలియున్నను చదువువాడుండడు. దొంగ చేతికి మన సమాచారము చిక్కకుండ చేసిన ఈ ఏర్పాటే, అజాగ్రత్తగానున్న యజమానికిని తలుపు మూయుచున్నది. కావున ‘తరువాత తెప్పించుకొందము’ అను ఆశపై ఫార్మాట్ చేయరాదు.

పెద్ద సంస్థలు పంపిన అప్‌డేటులో పొరపాటు జరుగదని కూడ అనుకొనరాదు. 2018 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు పంపిన ఒక అప్‌డేట్ కొందరి కంప్యూటర్లలోని సొంత ఫైళ్లను చెరపివేసినది. కొలది దినములలోనే సంస్థ దాని పంపిణీని ఆపివేసినది. 2023 అక్టోబరులో గూగుల్ సంస్థ తన పిక్సెల్ ఫోనులకు ఆండ్రాయిడ్ 14 ఇచ్చినపుడు, ఒకే ఫోనులో ఒకటికంటె ఎక్కువ వినియోగదారుల ప్రొఫైళ్లు పెట్టుకొన్న కొందరికి లోపలి నిల్వ తెరుచుకొనలేదు. కొన్ని ఫోనులు ఆగుట, మరల మొదలగుట, మరల ఆగుట తప్ప ముందుకు సాగలేదు. తయారుచేసినవారి చేతిలోనే ఇట్లు జరిగినపుడు, నకలు ఉన్నవారు ఊపిరి పీల్చుకొన్నారు. లేనివారు సవరణకై ఎదురుచూడవలసివచ్చినది.

అట్లయిన అప్‌డేట్ మానివేసినచో సరిపోదా యని అడుగవచ్చును. సరిపోదు. అప్‌డేటులలో చాలభాగము దొంగలు ప్రవేశింపగల కన్నములను పూడ్చుటకు వచ్చునవే. అదిగాక పాత సాఫ్ట్‌వేరుపై యాపులు క్రమముగ పనిచేయుట మానును. 2025 జనవరి 1 నుండి ఆండ్రాయిడ్ 4.4 గల ఫోనులలో వాట్సాప్ పనిచేయుట ఆగిపోయినది. పూడిక తీయని కాలువవలె, అప్‌డేట్ చేయని ఫోను కూడ ఒకనాడు పనికిరాకుండ పోవును. మరమ్మతు మానరాదు, చెరువు నింపుట మరువరాదు.

నకలు ఎక్కడ, ఎట్లు?

సమాచారము ఎక్కడెక్కడ నున్నదో ముందు తెలిసికొనవలెను. సిమ్ కార్డులోని నంబర్లు ఫార్మాట్ చేసినను పోవు. మెమరీ కార్డును ఫోను నుండి తీసి ప్రక్కన పెట్టినచో దానికిని భయము లేదు. అయితే ఆ కార్డును ఫోను లోపలి నిల్వలో భాగముగ కలుపుకొన్నచో, ఫార్మాట్ తరువాత దానిని చదువుట సాధ్యము కాదు. బ్యాంకులోని సొమ్ము, యూపీఐ లావాదేవీల లెక్క బ్యాంకులో నుండును. యాపు పోయినంత మాత్రమున పైకము పోదు. డిజిలాకరులోని పత్రములును అట్లే. వీనిని గురించి దిగులు చెందనక్కరలేదు. ఫోను లోపల మాత్రమే యున్నవానినే లెక్కింపవలెను.

ఫోను నంబర్లకు: అవి ఫోనులో దాచబడినవా, గూగుల్ ఖాతాలో దాచబడినవా యని చూడవలెను. ఖాతాలో నున్నచో, అదే ఖాతాతో ఏ ఫోను తెరచినను అవి వచ్చును.

ఫోటోలకు, వీడియోలకు: గూగుల్ ఫోటోస్ వంటి యాపులో బ్యాకప్ పెట్టవచ్చును. గూగుల్ ఖాతాలో ఉచితముగ లభించునది 15 జీబీ మాత్రమే. మెయిలు, ఫైళ్లు, ఫోటోలు అన్నియు ఆ పదునైదింటిలోనే ఇమడవలెను. 2021 జూన్ 1కి పూర్వము ఫోటోలను కొంత తగ్గించిన నాణ్యతతో ఎన్నియైనను ఉచితముగ దాచు వీలుండెడిది, ఆనాటినుండి లేదు. ఖాతా నిండినచో బ్యాకప్ ఆగిపోవును. మెయిలు రాకపోకలు కూడ ఆగును. చాలమంది బ్యాకప్ జరుగుచున్నదని నమ్ముచుండగా అది ఎన్నడో ఆగియుండును. నిండిన చెరువులోనికి నీరు వదలినను అది పొంగిపోవుటే గదా.

ఇంకొక సూక్ష్మము గమనింపవలెను. ఖాతాతో కలిసియున్న ఫోటోను ఫోనులో చెరపినచో, ఖాతాలోను అది చెత్తబుట్టకు పోవును. అచ్చట 60 దినములుండి ఆ తరువాత శాశ్వతముగ పోవును. కావున ఫోనులో స్థలము చేయుటకని ఫోటోలు ఒక్కొక్కటి చెరపరాదు. ‘ఫ్రీ అప్ స్పేస్’ అను మీట నొక్కినచో ఖాతాలోని నకలు నిలిచి, ఫోనులోని ప్రతి మాత్రమే తొలగును.

ఈ కారణములచేత పంచాయతీ పనులకు సంబంధించిన ఫోటోలకు ఖాతాలోని నకలుతో తృప్తి పడరాదు. ఓటీజీ పెన్‌డ్రైవులోనికి గాని, కార్యాలయపు కంప్యూటరులోనికి గాని రెండవ నకలు తీసి, సంవత్సరము, నెల, పని పేరు వ్రాసిన ఫోల్డరులలో దాచవలెను. విత్తనపు వడ్లను ఒకే గాదెలో పోయని రైతు బుద్ధి ఇచ్చట పనికివచ్చును. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ ఇండ్లలోనికి వచ్చినపుడును, మరునాడు ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారినపుడును నీరు ఎవ్వరి అనుమతియు అడుగలేదు. కార్యాలయములో ఒక నకలు, వేరొక చోట మరియొక నకలు ఉన్నచో, అప్‌డేట్ చెడినను, వరద వచ్చినను గ్రామ సమాచారము నిలుచును.

వాట్సాపునకు: సెట్టింగ్సులో చాట్స్, అందులో చాట్ బ్యాకప్ అను చోట చివరి బ్యాకప్ ఏనాటిదో కనబడును. ఫోను మార్చుటకు ముందు అచ్చట ‘బ్యాకప్’ అని నొక్కి, నేటి తేది పడువరకు వేచియుండవలెను. ఫోను లోపల వాట్సాప్ తనంతట తాను దాచుకొను ప్రతులు కూడ కలవు, కాని అవి ఫార్మాట్‌లో పోవును. ఆండ్రాయిడ్ ఫోనులో తిరిగి తెప్పించుకొనుటకు అదే ఫోను నంబరు, అదే గూగుల్ ఖాతా ఉండవలెను. యాపు మరల ఎక్కించినపుడు ‘రిస్టోర్ చేయవలెనా?’ అని అడుగును. అప్పుడు తొందరపడి దాటవేయరాదు. బ్యాకప్‌నకు ప్రత్యేకముగ పాస్‌వర్డు పెట్టుకొన్నవారు దానిని మరచినచో, వాట్సాప్ సంస్థ కూడ దానిని తెరువలేదు.

ఫోను మొత్తమునకు: ఆండ్రాయిడ్ సెట్టింగ్సులో గూగుల్, అందులో బ్యాకప్ అను చోట సందేశములు, కాల్ వివరములు, కొన్ని యాపుల సమాచారము దాచు ఏర్పాటు కలదు. ఈ ‘కొన్ని’ అను మాటను గుర్తుంచుకొనవలెను. ఒక్కొక్క యాపునకు 25 ఎంబీ వరకే అందు చోటు. యాపు తయారుచేసినవారు వలదన్నచో అదియు లేదు. అదిగాక ఆ ఫోనును 57 దినములు వాడకున్నచో ఆ బ్యాకప్ చెరిపివేయబడవచ్చును. చెడిన ఫోనును అల్మారాలో పడవేసి, మూడు నెలల తరువాత క్రొత్తది కొనువారు ఇది మరువరాదు.

పంపని సమాచారము

ఇప్పుడు మీ పరిపాలనకు మిక్కిలి దగ్గరి విషయమునకు వచ్చుచున్నాము. పొలములలోను, లంకలలోను సిగ్నలు లేనిచోట సర్వే యాపులు వివరములను ఫోనులోనే దాచి, సిగ్నలు దొరికిన తరువాత పైకి పంపునట్లు అమర్చబడియుండును. ఒక ఉద్యోగిని ఉదయమునుండి నలుబది ఇండ్లు తిరిగి వివరములు ఎక్కించినదనుకొనుడు. సాయంకాలము యాపు మొరాయించినది. ‘తీసి మరల వేయమ్మా’ అని ఎవరో అన్నారు. ఆమె అట్లే చేసినది. ఆ నలుబది ఇండ్ల వివరములు ఆ క్షణముననే మాయమైనవి. గూగుల్ బ్యాకప్‌లో అవి యుండునని నమ్ముటకు వీలులేదు. ఆమె శ్రమ పోయినది. అంతకంటె ముఖ్యముగ, వివరములు చేరని ఇంటివారికి రావలసిన సాయము ఆలస్యము కావచ్చును. పేరు జాబితాలో లేదని వారు మీ యింటికే వత్తురు.

కావున క్షేత్రములో పనిచేయు ప్రతివారికి మీరు చెప్పవలసినది ఇది. యాపులో ‘పెండింగ్’ లేక ‘సింక్ కానివి’ అను సంఖ్య సున్న అగువరకు యాపును తీసివేయరాదు; క్లియర్ డేటా నొక్కరాదు; లాగౌట్ కూడ చేయరాదు. సిగ్నలు లేకున్న సిగ్నలున్న చోటికి నడచిపోవుడు. యాపు తెరుచుకొనకున్న, ముట్టుకొనక సాంకేతిక సిబ్బందికి చూపుడు. యాపు తెరుచుకొనకున్నను సమాచారము లోపల నుండవచ్చును. యాపును తీసివేసినచో ఉండదు.

అప్‌డేట్ చేయు దినము

అప్‌డేటునకు మంచి దినము చూచుకొనుట మూఢాచారము కాదు. పింఛన్లు పంచు 1వ తేదీన గాని, గ్రామసభ జరుగు దినమున గాని అప్‌డేట్ పెట్టుకొనరాదు. పని ఒత్తిడి లేని సాయంకాలము మంచిది. బ్యాటరీ సగమునకు పైగ ఉండవలెను; వీలైనచో ఛార్జరు పెట్టియే చేయవలెను. ఫోనులో కొన్ని జీబీల ఖాళీ స్థలము ఉండవలెను. వైఫై ఉన్న మేలు. అప్‌డేట్ సాగుచుండగా తెర నల్లబడినను, సంస్థ గుర్తు కదలక నిలిచినను, బటనులు నొక్కి ఆపరాదు.

అంతకు ముందు గట్టుమీదికి పోయి నీరు చూచుట యున్నది గదా, దానిని విడువరాదు. వేరొక ఫోనులో గాని, కార్యాలయపు కంప్యూటరులో గాని మీ ఖాతాను తెరచి, నిన్న తీసిన ఫోటో ఒకటి, గత సంవత్సరపు ఫోటో ఒకటి, ఒక ఫోను నంబరు, ఒక పత్రము ఉన్నవేమో చూడుడు. పెన్‌డ్రైవును కంప్యూటరునకు పెట్టి ఒక వీడియోను నడిపించి చూడుడు. ఇందులకు పది నిమిషములు చాలును. ఖాతా పేరు, పాస్‌వర్డు, మరియు ఆ ఖాతాకు ఓటీపీ వచ్చు నంబరు మీ వద్దనే యున్నవని కూడ రూఢి చేసికొనుడు. తాళపుచెవి పోయిన గాదెలోని వడ్లు ఆకలి తీర్చవు.

దుకాణము, దొంగ అప్‌డేట్

ఫోనును దుకాణమున ఇచ్చునపుడు సిమ్ కార్డును, మెమరీ కార్డును తీసికొనుడు. ‘డేటా పోవునా?’ అని ముందే స్పష్టముగ అడుగుడు. ‘పోవచ్చును’ అన్నచో నకలు తీయించిన తరువాతనే ఒప్పుకొనుడు. యూపీఐ పిన్‌ను, ఓటీపీని ఎవ్వరికిని చెప్పరాదు. ఖాతా వివరములు గుర్తులేకుండ బటనులు నొక్కి బలవంతముగ ఫార్మాట్ చేసినచో, ఆండ్రాయిడ్ ఫోను మరల తెరుచుకొనునపుడు పూర్వపు గూగుల్ ఖాతాను అడిగి ఆగిపోవును. దొంగిలించినవాడు వాడుకొనకుండ పెట్టిన కాపలా ఇది. ఖాతా మరచిన యజమానిని కూడ అది లోపలికి రానీయదు.

అప్‌డేట్ పేరుతో మోసములు కూడ జరుగుచున్నవి. ప్రభుత్వ పథకము యాపనియో, వాహనపు చలానా యనియో, బ్యాంకు అప్‌డేట్ అనియో చెప్పి వాట్సాపులో ఏపీకే ఫైళ్లు పంపుదురు. దానిని తాకి ఎక్కించినచో ఫోనులోని సందేశములు, ఓటీపీలు పరుల చేతికి పోవచ్చును. ఫోను అప్‌డేట్ ఫోను సెట్టింగ్సులో నుండియే వచ్చును. యాపు అప్‌డేట్ ప్లే స్టోరులో నుండియే వచ్చును. శాఖవారు ప్రత్యేకమైన యాపును ఇచ్చినచో, అది అధికారిక మార్గమున వచ్చినదేనా యని కార్యదర్శి ద్వారా విచారించిన తరువాతనే ఎక్కింపవలెను. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

ఖాతా ఎవరిది?

1984లో మన రాష్ట్రమున వంశపారంపర్యపు కరణము, మునసబు పదవులు రద్దయినవి. తరతరములుగ కొన్ని ఇండ్లలోనున్న గ్రామపు లెక్కలు ప్రభుత్వపు చేతికి రావలసివచ్చినది. గ్రామపు లెక్క వ్యక్తిది కాదు, గ్రామముది యను సూత్రము ఆనాడు స్థిరపడినది. నేడు ఆ సూత్రమును మనమే మరచుచున్నామేమో ఆలోచింపుడు. పంచాయతీ పనుల ఫోటోలు ఒకరి సొంత గూగుల్ ఖాతాలో, ఫిర్యాదులు మరియొకరి సొంత వాట్సాపులో, కొలతలు ఇంకొకరి గ్యాలరీలో ఉన్నచో, వారు బదిలీయైన నాడో, పదవీకాలము ముగిసిన నాడో, ఫోను ఫార్మాట్ చేసిన నాడో గ్రామపు జ్ఞాపకము తుడిచిపెట్టుకొనిపోవును.

కావున మీ తరువాతి సమావేశములో ఒక తీర్మానము చేయుడని మా మనవి. పంచాయతీ పనుల ఫోటోలకు, పత్రములకు పంచాయతీ పేరనే ఒక ఖాతా ఉండవలెను; దాని పాస్‌వర్డు కవరులో పెట్టి సీలు వేసి కార్యాలయపు బీరువాలో ఉంచవలెను. నెలకొక దినము నిర్ణయించి, సభ్యుల ఫోనులలోని పని ఫోటోలను పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, ఒక రిజిస్టరులో తేది, పని పేరు, ఫోటోల సంఖ్య వ్రాసి సంతకము చేయవలెను. కార్యాలయపు ఫోనును గాని, ట్యాబును గాని ఫార్మాట్ చేయుటకు ముందు, నకలు తెరచి చూచినట్లు మరియొకరి సంతకము ఆ రిజిస్టరులో ఉండవలెను. బాధ్యత మారునపుడు బీరువా తాళములతోపాటు ఖాతా వివరములను కూడ అప్పగించి రసీదు పొందవలెను. ఆధార్ నంబర్లు, ఆరోగ్య వివరములు, బ్యాంకు వివరములు గల ఫైళ్లను మాత్రము ఎల్లవారి ఫోనులలోను పంచరాదు. అవి కార్యదర్శి అధీనములోనే ఉండవలెను. ఇందులకు కావలసిన ఖర్చు రెండు పెన్‌డ్రైవులు, ఒక రిజిస్టరు మాత్రమే.

ఇండ్లలో కూడ ఈ జాగ్రత్తను ప్రచారము చేయుడు. పల్లెలలో అనేక కుటుంబములకు, కీర్తిశేషులైన తల్లిదండ్రుల చివరి చిత్రము, వారి గొంతు ఫోనులో మాత్రమే యున్నవి. పిల్లలు విదేశములలో నున్న వృద్ధులకు ఫోనే ఉత్తరాల పెట్టె. వారికి ఈ మీటల పేర్లు తెలియవు. చదువుకొన్న యువకులను వార్డునకు ఇద్దరి చొప్పున పిలిచి, ఒక ఆదివారము సచివాలయము వద్ద కూర్చుండబెట్టి, వచ్చినవారి నంబర్లకు, ఫోటోలకు నకలు తీయించి చూపించినచో అది గొప్ప సేవ యగును. వారి పాస్‌వర్డును వారే నొక్కునట్లు మాత్రము చూడుడు.

సభ్యులారా, ఈ ప్రసంగములో చెప్పిన మీటల పేర్లు ఫోను ఫోనుకు కొంత మారవచ్చును. రేపటి అప్‌డేటులో అవి మరియొక చోటికి పోవచ్చును. మీరు గుర్తుంచుకొనవలసినది మీటల పేర్లు కాదు, పని వరుస. ముందు పంపవలసినది పంపుడు. తరువాత నకలు తీయుడు. ఆ నకలును వేరొక చోట తెరచి చూడుడు. అటుపిమ్మట అప్‌డేట్ చేయుడు, ఫార్మాట్ చేయుడు, మీ యిష్టము. ఈ వరుస తప్పనంత కాలము మీ గ్రామములో ఎవరి ఫోను చెడినను, గ్రామపు సమాచారము చెడదు.